కోసిన కడుపుల వకాలతు

నాకు నొప్పి లేదని మా ఆయన డాక్టరుతో చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. కొంగు నోట్లో కుక్కుకుని, కుడిచేత్తో పొట్ట అదిమిపట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. డాక్టరు నా వైపు చూడలేదు. పరాయి ఆడమనిషిని తేరిపార చూడడం మర్యాద కాదు గదా! ఆమెను వెంటబెట్టుకొచ్చిన మగవాణ్ని అడగాలి, అతను చెప్పాలి. మా దవాఖాన పద్ధతి అది.

"ఏమైతుందట?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదు సాబ్. జర గ్యాస్ లెక్క ఉంటది. పనైతే బరాబర్ చేసుకుంటది. రొట్టెలు చేస్తది, నీళ్లు తెస్తది."

"రొట్టెలు చేస్తుందంటే ఇంకేం ఫికర్ లేదు" అని డాక్టరు నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. నవ్వనిది నేనొక్కదాన్నే. ఆ రోజు పొద్దున రొట్టెలు కొడుతూ కొడుతూ పెనం ముందే ఒరిగిపోయాననీ, మిగతా పిండి మా అత్త కొట్టిందనీ ఆయనకు తెలుసు. ఆ రొట్టెలు తినే వచ్చాడు.

ఇది పంతొమ్మిది వందల అరవై దాటిన తొలి ఏళ్ల మాట. జహీరాబాదులో వ్యాపారులు చందాలు వేసుకుని నడిపే చిన్న ధర్మ దవాఖాన ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. మా ఆయన బెల్లం మండీలో గుమాస్తా. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి అత్త చేతిలో పెడతాడు. అలాంటి మనిషి నా ముందే అబద్ధం ఎందుకు ఆడాడంటే, పెళ్లాం మంచాన పడిందని నలుగురిలో అనడం మగవాడికి నామోషీ. పైగా నాకింకా పిల్లలు లేరు. "కోసిన మనిషి" అని చుట్టాలు అప్పటికే గుసగుసలు మొదలుపెట్టారు. కడుపు కోసిన ఆడదాని పక్కన ఇంకో సంబంధం మాట రావడానికి ఎంతోసేపు పట్టదు. అందుకని ఆపరేషన్ మాటే ఎవరి ముందూ ఎత్తొద్దన్నాడు. అంతా నా మంచికేనట. అంత మంచి నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు.

ఆపరేషన్ సంగతి చెప్పాలి. పెళ్లైన కొత్తలో ఒక ఎండాకాలం జ్వరమూ కడుపునొప్పీ కలిసి వచ్చి, బస్సులో హైదరాబాదు చేరేసరికి నాకు తెలివి లేదు. అపెండిక్స్ లోపలే పగిలిందన్నారు. పెద్ద దవాఖానలో కోసి, కడిగి, కుట్టి బతికించారు. ఆ డాక్టరు చల్లగా ఉండాలి. ఇంటికొచ్చాక మా అత్త నా పొట్టకు పాత ధోవతి బిగించి కట్టి, వానలు పడేదాకా మంచం దిగనివ్వలేదు. కదిలితే కుట్లు విచ్చుకుంటాయని ఆమె భయం. ఆమెకు తెలిసింది ఆమె చేసింది.

కుట్టు మానింది. నొప్పి అప్పుడు మొదలైంది.

దండెం మీద చీర ఆరెయ్యడానికి చెయ్యెత్తితే లోపల ఎవరో పట్టుకుని గుంజినట్టుండేది. దర్జీ జేబు కుడుతూ కుడుతూ కింది బట్టను కూడా కలిపి కుట్టేస్తాడు చూడండి, చొక్కా తొడుక్కున్నప్పుడు ఆ బట్ట ఎటూ సాగక లాగుతుంది. అలాంటి లాగుడు. తిన్నాక కడుపు ఉబ్బి, మెలితిప్పి, చెమటలు పట్టి, ఒక్కోసారి వాంతయ్యేదాకా తగ్గేది కాదు. మళ్లీ పది రోజులు ఏమీ ఉండేది కాదు. ఏమీ లేని ఆ రోజుల్లోనే అందరూ నన్ను చూసేవాళ్లు. చూసి, "నీకేమైంది, నిమ్మళంగ ఉన్నవు గదా" అనేవాళ్లు.

ఇక అల్లం. మా చుట్టుపక్కల అల్లం బాగా పండుతుంది, అది నా ఖర్మ. కడుపు పట్టుకుని కూర్చుంటే చాలు, దారిన పోయేవాళ్లు కూడా అల్లమే చెప్పేవాళ్లు. అల్లం రసం, అల్లం మురబ్బా, అల్లం ఉప్పు, అల్లం బెల్లం. మా ఆడబిడ్డ ఒకసారి అల్లం దంచి నా పొట్ట మీద పట్టు వేసింది. లోపలి నొప్పి లోపలే ఉంది, పైన చర్మం కూడా మండింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

దవాఖాన మందు కూడా అల్లం కన్నా ఏమంత మేలు కాదు. సీసా మనమే తీసుకెళ్లాలి. కాంపౌండరు పెద్ద జాడీలోంచి మందు పోసి, పూటపూటకూ ఎంత తాగాలో తెలిసేలా కత్తిరించిన కాగితం ముక్క సీసాకు అంటించి ఇచ్చేవాడు. దగ్గుకు తెల్ల మందు, కడుపుకు ఎర్ర మందు. నేను ఎన్నాళ్లు తాగానో గాని, మా ఇంట్లో ఆ సీసా అడుగున ఎర్ర మరక ఎంత తోమినా పోయేది కాదు.

ఆడవాళ్లం వరండాలో ఒక పక్క నేల మీద కూర్చునేవాళ్లం. మగవాళ్లు లోపలికెళ్లి మా జబ్బులు చెప్పి వచ్చేవాళ్లు. ఒక వారపు అంగడి రోజు నా పక్కన కూర్చున్న ఒక చిన్నపిల్ల లేవబోయింది. పిల్ల అంటున్నాను గాని చంకలో బిడ్డ ఉంది. ముందు ఎడమ పక్కకు ఒరిగింది, అరచెయ్యి నేలకు ఆనించింది, ఊపిరి బిగబట్టింది, అప్పుడు లేచింది. నేను కూడా అచ్చం అట్లాగే లేస్తాను. కోసిన కడుపు మనిషి నేరుగా లేవలేదు.

"నీకు గూడ కోసిన్రా?" అన్నాను.

ఆమె ముందు అటూ ఇటూ చూసింది. "నీకెట్ల తెల్సక్కా?"

ఆమెది రాయికోడు దగ్గర పల్లె. కూలి చేసుకుని బతికే ఇల్లు. బిడ్డ అడ్డం తిరిగితే హైదరాబాదుకు తీసుకెళ్లి కోసి తీశారట. తల్లీ బిడ్డా దక్కారు. అప్పటినుంచి కలుపుకు వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. కూలికి పిలిచే మేస్త్రి ఆమెను వదిలేసి పోతున్నాడు.

మేమిద్దరం గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే, వెనకనుంచి "యవ్వా, నాక్కూడా అదే" అందొకామె. బజార్లో అల్లం, మిర్చి కొట్టు ఉన్న సావుకారి భార్య. కన్నడ దేశం నుంచి వచ్చిన కుటుంబం, నా కన్నా పెద్దది, మాట గట్టిది. ఆమె కడుపులోంచి ఎప్పుడో పెద్ద గడ్డ తీశారు. ఆమెకు కూడా చెయ్యి పైకెత్తితే లాగుడే.

ముగ్గురం మా సీసాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మూడింటిలోనూ ఒకటే ఎర్ర నీళ్లు. నాకు అపెండిక్స్, ఆమెకు కాన్పు, ఈమెకు గడ్డ. తిన్నది అరగక వచ్చినవాడికి కూడా అదే ఎర్ర మందు. నా ఒళ్లు మండిపోయింది. మూడు కడుపులనూ మూడు రకాలుగా కోశారే, మానిన తరవాత మూడూ ఒకటేనా? ఒక్కరైనా ఒక్కసారైనా ఆ కుట్టు చూశారా?

ఆ పై వారం నేను ధైర్యం చేసి లోపలికెళ్లి నోరు విప్పాను. "సాబ్, గ్యాస్ గాదు, లోపల గుంజుతది" అన్నాను. అంతే, తరవాతి మాట రాలేదు. బల్ల అవతల పరాయి మగవాడు, ఇవతల మొగుడు, తలుపు దగ్గర కాంపౌండరు. వీళ్ల మధ్య నా పొట్ట గురించి, విరేచనం గురించి, వాంతుల గురించి ఏ నోటితో చెప్పను? పుట్టినప్పటినుంచి మూసుకొమ్మన్న నోరు అడగ్గానే తెరుచుకుంటుందా? తలవంచుకుని బయటికొచ్చాను. వరండాలో కూర్చుని ఏడ్చాను. ఏడ్చింది నొప్పికి కాదు, కోపానికి.

రాయికోడు పిల్ల నా వీపు మీద చెయ్యి వేసింది. "నా కడ్పు ముచ్చట నేను చెప్పుకోవాల్నంటె నాకు గూడ సిగ్గే అక్కా. నీ కడ్పు ముచ్చటైతె ఎంతసేపైనా చెప్త. దాంట్ల నాకేం సిగ్గు?"

ఆ మాటకు సావుకారమ్మ పకపకా నవ్వింది. "అదే గదా వకాలతంటే! వకీలు తన కేసు తాను చెప్పుకుంటడా? పక్కోడి కేసే గదా చెప్పేది."

అట్లా మొదలైంది. రాయికోడు పిల్ల వకాలతు నాది, నా వకాలతు సావుకారమ్మది, సావుకారమ్మ వకాలతు రాయికోడు పిల్లది. ఊరికే చెప్తే సరిపోదని, ముందు ఒకరి నొప్పి ఒకరం నేర్చుకున్నాం. సావుకారమ్మ పెరట్లో అల్లం కుప్ప చుట్టూ కూర్చుని, మట్టి దులుపుతూ, కణుపులు విరుస్తూ అడుగుకునేవాళ్లం. ఎప్పుడొస్తది? ఏం తింటె వస్తది? ఒక్క తీరుగ ఉంటదా, ఆగి ఆగి వస్తదా? గాలి పోతదా, బందైతదా? వాంతి ఏ రంగు? వినేవాళ్లకు వెగటు మాటలు. నా నొప్పి గురించి ఒక మనిషి నన్ను నేరుగా అడగడం అదే మొదటిసారి. అల్లం చేతులతో కళ్లు తుడుచుకుని ఇంకా మండించుకున్నాను.

మేం కోరేవి పెద్ద కోరికలేం కాదు. నొప్పి ఎవరిదో వాళ్లను అడగండి. మగవాళ్లు చూడగూడదంటే ఒక ఆయమ్మను పెట్టి అయినా కుట్టు చూడండి. చేతకాకపోతే చేతకాదని చెప్పి హైదరాబాదు పంపండి. ఎర్ర నీళ్లు మాత్రం వద్దు.

మేం లోపలికి పోతున్నామని తెలిసిన నాడు ఇంట్లో రచ్చ. మా ఆయన పరువన్నాడు. మా అత్త, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది బిడ్డా, ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా?" అంది.

"నా కడుపు ఎప్పుడో చించిన్రు అత్తమ్మా. ఇగ పడేటిది ఏమున్నది?" అన్నాను. ఆమె చీపురు అందుకుని వాకిలి ఊడ్చుకుంటూ పోయింది. నేను కూడా ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అనుకుంటూ బజారుదాకా నడిచాను.

ఆ రోజు సావుకారి కూడా భార్య వెంట లోపలికి వచ్చి, అలవాటుగా, "ఏం లేదు డాక్టర్ సాబ్, ఈమెకు..." అని మొదలుపెట్టాడు. "సుమ్మనిరు" అంది సావుకారమ్మ కన్నడంలో. ఆయన ఠక్కున నోరు మూసుకున్నాడు. రాయికోడు పిల్ల బిడ్డను చంక మార్చుకుని, సావుకారమ్మ కడుపు గురించి గడగడా చెప్పింది. తరవాత సావుకారమ్మ నా గురించి చెప్పింది. తరవాత నేను.

డాక్టరు కలం పక్కన పడేశాడు. "ఇది దవాఖానా, కచేరీనా?"

"కచేరీల సాక్షులను అడుగుతరు సాబ్. మీరు అదన్న అడుగుతలేరు" అంది సావుకారమ్మ.

డాక్టరు ముఖం కందిపోయింది. ఆపరేషన్లు మంచిగా అయ్యాయనీ, కుట్లు మానాయనీ, మానిన చోట నొప్పి ఉండదనీ, ఇదంతా నరాల బలహీనతనీ, ఆడవాళ్లు ముగ్గురు ఒకచోట చేరితే ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుకుంటుందనీ చెప్పాడు. వరండాలో మగవాళ్లు నవ్వారు. కాంపౌండరు మా సీసాలు తీసుకుని మళ్లీ ఎర్ర మందు పోశాడు. నా సీసా మెట్ల పక్కన మురికి కాలవలో బోర్లించి ఇంటికొచ్చాను.

అయినా మానలేదు. అంగడి రోజు వస్తే వెళ్లడం, చెప్పడం, అదే మాట వినడం, రావడం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కాని అంగడికి వచ్చే ఆడవాళ్లలో కోసిన కడుపులవాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. చిరాగ్‌పల్లి నుంచి ఒక ముసలమ్మ, స్కూలు పంతులు గారి కోడలు, ఇంకొందరు. లారీ డ్రైవర్లు సైతం రోడ్డు పక్క చాయ్ తాగుతూ మమ్మల్ని చూసి "కడుపుల సంఘం వచ్చింది" అని నవ్వేవాళ్లు. నవ్వనీ. వాళ్ల ఇళ్లలో కూడా ఒక కుట్టు దాక్కుని ఉంటుందని నాకు నమ్మకం.

చెరుకు కొట్టే రోజులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం సావుకారమ్మ మనిషిని పంపింది, రాయికోడు పిల్లను బండి మీద తెచ్చారు, వెంటనే రమ్మని. పరుగు రాకపోయినా పరుగెత్తాను. పిల్ల వరండాలో పక్కకు ముడుచుకుని పడుకుని ఉంది. పొట్ట ఉబ్బి బిర్రుగా ఉంది, పెదవులు ఎండిపోయాయి, పక్కన పచ్చగా కక్కింది. బిడ్డను సావుకారమ్మ ఎత్తుకుని ఉంది. లోపల పిల్ల మొగుడు డాక్టరుకు చెబుతున్నాడు.

"గ్యాస్ సాబ్. మొన్నటిదాంక చెరుకు కాడ మంచిగనె పని చేసింది. మా అవ్వ ఆముదం తాగిచ్చింది, గది గూడ కక్కింది. జర గట్టి మందియ్యిండ్రి."

"జులాబు కలుపు" అని డాక్టరు కాంపౌండరుకు చెప్పాడు. కడుపు కదలకపోతే కదిలించే మందు. బయటికి వచ్చి చూడలేదు.

పిల్ల నా వేలు పట్టుకుంది. "అక్కా, చెప్పు" అంది.

లోపలికెళ్లాను. "సాబ్, జులాబు వద్దు. నిన్న పొద్దుగాల సంది గాలి గూడ పోలేదామెకు. నొప్పి ఆగి ఆగి వస్తున్నది, పచ్చగ కక్కుతున్నది. ఆముదమే నిలువలేదు, ఇంక జులాబు ఏడికి పోతది? కుట్టు కాడ లోపల ఏందో పట్టుకున్నది. హైదరాబాదు పంపుండ్రి."

"నువ్వెప్పుడు డాక్టరువైనవమ్మా?" అన్నాడు. తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కాంపౌండరు గ్లాసులో మందు కలుపుతూనే ఉన్నాడు. నేను గ్లాసుకు అడ్డం నిలబడ్డాను. ఏం చేస్తానో నాకే తెలియదు, గ్లాసు లాగి పారబోసేదాన్నేమో. గట్టిగా అరుస్తున్నానట. నాకు వినబడలేదు.

ఆ అరుపులకే మండీలో ఎవరో మా ఆయనకు చెప్పారు, నీ పెండ్లాం దవాఖానలో లొల్లి చేస్తుందని. నన్ను ఇంటికి లాక్కుపోదామని వచ్చాడు. వరండాలో ఆ పిల్లను దాటుకుని రావాలి గదా, ఆగాడు. ఆమె పొట్ట చూశాడు. కక్కు చూశాడు. లోపలికొచ్చి గ్లాసు చూశాడు.

"సాబ్, జులాబు ఇయ్యకుండ్రి" అన్నాడు నెమ్మదిగా. "మా దానికి కోసిన పెద్ద డాక్టరు చెప్పిండు నాకు. కోసిన కడుపుల పేగులు అతుక్కుంటయట. ఎప్పుడన్న కడుపుబ్బి, కక్కుడై, గాలి బందైతే మెలివడ్డట్టు. అప్పుడు ఆముదం గాని జులాబు గాని ఒక్క చుక్క పొయ్యొద్దన్నడు. పోస్తే పేగు పగుల్తదన్నడు. ఉన్నపళంగ తీసుకురమ్మన్నడు."

డాక్టరు కాంపౌండరు వైపు చెయ్యి ఎత్తి ఆపాడు. "పెద్ద డాక్టరే చెప్పిండా?"

"ఆయననే సాబ్. నా మొకం మీదనే చెప్పిండు."

డాక్టరు లేచాడు. వరండాలోకి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేశాడు. ఏడాదిగా మేం అడుగుతున్నది ఆ చెయ్యి వెయ్యడమే. వేసిన మరుక్షణం ముఖం మారింది. "లారీ ఏదన్న ఉన్నదా హైదరాబాదు పోయేది? తొందరగ" అన్నాడు.

పిల్ల మొగుడు గోడకు ఒరిగి గొణిగాడు. "మాకు గూడ గిట్లనె ఏందో చెప్పిన్రు సాబ్, ఇంటికి పంపేటప్పుడు. నేను... నాకు గుర్తుకు రాలే."

నేను మా ఆయన ముఖంలోకి చూశాను. "నాకెందుకు చెప్పలే?"

"అశుభం మాట. నోటితోని అంటె నిజమైతదని..."

ఇన్నేళ్లూ! మా అత్త నా కోసం ఆముదం తెచ్చినప్పుడల్లా, "ఆ వాసన నాకు పడది, అవుతల పారెయ్యి" అని ఆయన గిన్నె లాక్కుని పారబోసేవాడు. ఏం సున్నితం ముక్కు అనుకునేదాన్ని. తెలిసే చేశాడన్నమాట. నా ప్రాణానికి ఆయన ఒక్కడే కాపలా కాశాడు, నాకు చెప్పకుండా. ఆయన మండీలో ఉన్న రోజున ఆముదం తాగి ఉంటే? తాగిన రోజులు లేవా? ఉన్నాయి. నా పేగు, నా చావు, వాటి కబురు మాత్రం ఆయన దగ్గర దాపరికం. ప్రేమే కావచ్చు. అట్లాంటి ప్రేమను తీసుకెళ్లి ఆ మురికి కాలవలోనే బోర్లించాలనిపించింది. ఇంకో మంట కూడా ఉంది. ఏడాది పాటు అంతమంది ఆడవాళ్లం గొంతు చించుకున్నా కదలని డాక్టరు, ఒక మగవాడి నోట ఒక్క మాట రాగానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ మాటే ఆ పిల్లను బతికించింది, కాదనను. నాకు మా ఆయనకు దండం పెట్టాలనీ ఉంది, చెంప పగలగొట్టాలనీ ఉంది.

అంతసేపు ఆలోచించే తీరిక అప్పుడు లేదు. మా ఆయన మండీకి పరుగెత్తి, బెల్లం వేసుకుని బయలుదేరబోతున్న లారీని దవాఖాన ముందుకు తెచ్చాడు. డ్రైవరు పక్క సీటులో పిల్లను పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకున్నాను. బిడ్డను సావుకారమ్మ తనింటికి తీసుకెళ్లింది. మగవాళ్లిద్దరూ వెనక బెల్లం మీదికెక్కారు. దారిలో గుంత వచ్చినప్పుడల్లా ఆమె కడుపులోనూ నా కడుపులోనూ ఒకేసారి లాగేది. "చస్తనా అక్కా?" అని అడిగింది. "నా వకాలతు ఎవరు చేస్తరే నువ్వు చస్తే?" అన్నాను. నవ్వబోయి మళ్లీ కక్కింది.

పెద్ద దవాఖాన ముందు లారీ ఆగితే, మగవాళ్లు వెనక నుంచి తాడు విప్పుకుని దిగేలోపలే ఒక డాక్టరు పరుగున వచ్చాడు. "ఎప్పటినుంచి?" అన్నాడు. అడగడానికి అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. చెప్పాను. గాలి ఎప్పుడు బందైందో, నొప్పి ఎంత సేపటికోసారి వస్తోందో, ఆముదం ఎంత పోశారో, కాన్పుకు కోసి ఎన్నాళ్లైందో, అల్లం కుప్ప దగ్గర నేర్చుకున్నదంతా ఒక్క మాట తడబడకుండా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు, చివరికి "బాగా చెప్పావమ్మా" అని స్ట్రెచర్ వెంట పోయాడు. మా ఆయన చేతులకంటిన బెల్లం తుడుచుకుంటూ వచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

కోశారు. పేగు కుట్టు లోపలి వైపుకు అతుక్కుని, దాని చుట్టూ మెలిక పడిందట. ఇంకొంచెం ఆలస్యమైతే నల్లబడి కుళ్లేదట. విడదీసి, సరిచేసి, మళ్లీ కుట్టారు. మా పెద్దమ్మ ఇల్లు హైదరాబాదులోనే ఉంది గనుక నేను అక్కడే ఉండిపోయి రోజూ వెళ్లి చూసేదాన్ని. రెండో రోజే నర్సులు ఆమెను లేపి నడిపించారు. పడుకుంటే మళ్లీ అతుక్కుంటుందట. నాకు మా అత్త కట్టిన ధోవతి గుర్తొచ్చింది.

ఆ తరవాత మా ధర్మ దవాఖానలో ఒక ఆయమ్మను పెట్టారు, తెర కట్టారు, కడుపునొప్పని వస్తే "ఎప్పుడన్న కోసిన్రా?" అని ముందు అడగడం మొదలుపెట్టారు. డాక్టరు మాతో ముఖం చూసి మాట్లాడడానికి ఇంకా కొన్నాళ్లు పట్టింది. కాని నేను చెప్పదలచుకున్నది అది కాదు, రాయికోడు పిల్లను ఇంటికి పంపిన రోజు సంగతి.

ఆమెకు కోసిన పెద్ద డాక్టరే వచ్చాడు. పిల్ల మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది. నేను పక్కన ఆమె బట్టలు మూట కడుతున్నాను. డాక్టరు మా ఇద్దరి తలల మీదుగా చూసి, తలుపు దగ్గర నిలబడ్డ ఆమె మొగుణ్ని వేలితో పిలిచి, వరండాలోకి నడిచాడు. "చూడు, జాగ్రత్తగా విను. ఇది మళ్లీ రావచ్చు..." అని మొదలుపెట్టాడు. మా ఆయనకు కూడా అట్లాగే, బహుశా ఆ వరండాలోనే చెప్పి ఉంటారు. నా చేతిలో మూట ముడి పడలేదు.

"సాబ్!" అని పిలిచింది పిల్ల. గట్టిగానే పిలిచింది. వార్డులో అందరూ తిరిగి చూశారు. సగం వేసిన జడ చేత్తో పట్టుకుని, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"కడ్పు గాడ లేదు సాబ్, ఈడున్నది. ఏం చెప్పేదున్నా ఈడికొచ్చి చెప్పుండ్రి."

డాక్టరు మాట ఆపి తిరిగి చూశాడు. వెనక్కి వచ్చాడు. స్టూలు లాక్కుని ఆమె మంచం ముందు కూర్చుని, ఆమె ముఖంలోకి చూస్తూ మొదటినుంచి చెప్పాడు. ఉబ్బితే ఏమిటి, కక్కితే ఏమిటి, ఏది తాగకూడదు, ఎప్పుడు రావాలి. పిల్ల తల ఊపుతూ విన్నది. మధ్యలో ఆయన చెయ్యి పట్టి ఆపినంత పని చేసి, నా వైపు తిరిగింది.

"మూట గాడ పెట్టక్కా. వచ్చి కూసో. గిది నీ ముచ్చట గూడ."

నేను వెళ్లి ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను. డాక్టరు మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఇన్నేళ్లుగా మా ఆయన నోట్లో ఉండిపోయిన మాట ఆ రోజు మొదటిసారి నా ముఖం చూసి నాకే చెబుతుంటే విన్నాను.